చలానా కట్టాలా, కోర్టుకు పోవాలా? వేగం కేసులపై ఒక సమీక్ష

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి చేరవేసే లారీ డ్రైవరుకు, గురువారం మంత్రాలయం బయల్దేరిన కారు యజమానికి, ఎమ్మిగనూరు నుంచి రోజూ కర్నూలు పోయివచ్చే బైకు ఉద్యోగికి ఒకే తరహా సందేశం ఫోనులో వచ్చిపడుతోంది. ఫలానా తేదీన ఫలానా చోట మీ బండి పరిమితికి మించిన వేగంతో వెళ్లింది, వెయ్యి రూపాయల జరిమానా, దాని మీద యూజర్ చార్జీ. లింకు నొక్కితే నంబరు ప్లేటు ఫొటో, పక్కనే వేగం అంకె. అక్కణ్ణించి సలహాలు మొదలవుతాయి. కట్టి పారేయమనేవాళ్లు కొందరు, కోర్టులో తేల్చుకోమనేవాళ్లు కొందరు. కట్టకుండా, కాదనకుండా ఊరికే ఉండమనేవాళ్లే ఎక్కువ.

ఈ చర్చ చిక్కుపడటానికి కారణముంది. చట్టం ఏమంటోంది, యంత్రం ఎంత నమ్మదగింది, ఖర్చు ఎంత, లైసెన్సుకు ఏమవుతుంది అన్న నాలుగు వేర్వేరు ప్రశ్నలను అందరూ ఒకే ప్రశ్నగా మాట్లాడుకుంటున్నారు. వాటిని విడదీసి, ఎవరి వాదం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో చూడటం ఈ సమీక్ష ఉద్దేశం.

కంటిచూపు నుంచి స్పీడ్ గన్ దాకా

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 112వ సెక్షన్ వేగ పరిమితిని, 183వ సెక్షన్ దాన్ని మీరితే శిక్షను చెబుతాయి. మొదట్లో తొలి తప్పుకు జరిమానా 400 రూపాయలకు మించేది కాదు. అప్పుడే 183వ సెక్షన్‌లో మూడో ఉపవిభాగంగా ఒక రక్షణ పెట్టారు. ఒకే ఒక్క సాక్షి ‘బండి వేగంగా పోయిందని నాకు అనిపించింది’ అంటే ఆ మాట మీదే శిక్ష వేయకూడదు, ఆ అంచనాకు యంత్ర సాధనం ఆధారం ఉండాలి. రోడ్డు పక్క నిలబడ్డ కానిస్టేబుల్ కంటిచూపు ఒక్కటే చాలదని చట్టం మొదటినుంచీ ఒప్పుకుంది. వేగం కేసుల్లో వాదమంతా యంత్రం చుట్టూ తిరగడానికి మూలం ఇక్కడుంది.

2019 సవరణతో లెక్క మారింది. తేలికపాటి వాహనానికి జరిమానా 1000 నుంచి 2000 రూపాయలు, మధ్య, భారీ వాహనాలకు 2000 నుంచి 4000 రూపాయలు అయింది. అదే సవరణ 136ఎ సెక్షన్‌ను చేర్చి, రోడ్డు భద్రతకు ఎలక్ట్రానిక్ నిఘా పెట్టే బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించింది. ఆ నిఘా ఎలా ఉండాలో 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చేర్చిన 167ఎ చెప్పింది. స్పీడ్ కెమెరా, స్పీడ్ గన్, సీసీ కెమెరా, పోలీసు ఒంటి మీది కెమెరా లాంటివన్నీ దాని కిందికి వస్తాయి. నియమం వచ్చి మూడేళ్లయినా చాలా రాష్ట్రాలు అమలు చేయకపోవడంతో 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, రోడ్డు భద్రతపై రాజశేఖరన్ కేసులో, రాష్ట్రాల వెంటపడాల్సి వచ్చింది.

2024 జులై 1న నేర విచారణ చట్టాలే మారాయి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. 2025 జులై 1 నుంచి, వేగం కొలిచే రాడార్ పరికరాలకు తూనికలు కొలతల శాఖ తనిఖీ, ముద్ర తప్పనిసరి అయ్యాయి. అంటే మూడున్నర దశాబ్దాల్లో జరిమానా పెరిగింది, సాక్షి మారాడు, సాక్షిని పరీక్షించే నియమాలూ పెరిగాయి. రోడ్డు మీది జనానికి తెలిసింది మాత్రం జరిమానా పెరిగిందన్న ఒక్క సంగతే.

చలానా అంటే ఏమిటి, ఏమి కాదు

ఫోనుకు వచ్చిన చలానా తీర్పు కాదు. అది ఒక ఆరోపణ, దాంతోపాటు రాజీకి పిలుపు. 200వ సెక్షన్ కింద ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి, నిర్ణయించిన మొత్తం తీసుకుని, కేసును కోర్టుదాకా పోకుండా ముగించవచ్చు. ఆ సొమ్ము కట్టినవాడు కోర్టులో దోషిగా తేలినట్టు కాదు.

అయితే ‘కట్టేస్తే పీడ పోతుంది’ అన్న నమ్మకం 2019 తర్వాత సగమే నిజం. 200వ సెక్షన్‌కు అప్పుడు చేర్చిన మాటల ప్రకారం, రాజీ చేసుకున్న తప్పు కూడా తర్వాతి తప్పును లెక్కించేటప్పుడు మొదటి తప్పు కింద జమ అవుతుంది. లైసెన్సు మీద చర్యనుంచి ఆ రాజీ కాపాడదు. 206వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం కింద అతివేగం కేసులో పోలీసు లైసెన్సు స్వాధీనం చేసుకుని రవాణా శాఖకు పంపవచ్చు. 19వ సెక్షన్ ప్రకారం మొదటిసారి మూడు నెలల అనర్హత, రెండోసారి రద్దు దాకా వెళ్లవచ్చు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ కమిటీ కూడా 2015లో అతివేగానికి కనీసం మూడు నెలలు లైసెన్సు నిలిపేయాలని రాష్ట్రాలకు చెప్పింది.

కారు యజమానికి ఇది దూరపు మాటలా కనిపించవచ్చు. ఏడు సీట్ల ఆటో నడిపి ఇల్లు గడిపేవాడికి, లారీ స్టీరింగే బతుకుగా ఉన్నవాడికి వెయ్యి రూపాయలకన్నా మూడు నెలల లైసెన్సు ఎన్నో రెట్లు పెద్దది.

మొదటి పక్షం: కట్టేయడమే లాభం

ఈ పక్షం వాదం పూర్తిగా లెక్క మీద ఆధారపడింది. జరిమానా వెయ్యి. కోర్టుకు పోతే కనీసం రెండు మూడు వాయిదాలు. ప్రతి వాయిదాకు ఒక రోజు కూలి, ప్రయాణం ఖర్చు, వకీలు ఫీజు. గెలిచినా చేతికి వచ్చేది ఏమీ లేదు, పోకుండా మిగిలేది వెయ్యి మాత్రమే. కేసు పడింది కర్నూలు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీదైతే కర్నూలు కోర్టుకు పోవాలి, బళ్లారిలోనైతే కర్ణాటక కోర్టుకు పోవాలి. నేరం జరిగిన చోటి కోర్టుకే విచారణాధికారం కాబట్టి, ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ కోర్టులున్నా ఆ కేసులకు అవి పనికిరావు.

ఈ లెక్కలో బలముంది. కానీ రెండు అంశాలు దీనికి అందవు. ఒకటి, పైన చెప్పిన లైసెన్సు సంగతి. రెండు, చట్టమే కోర్టు దారిని కొంత తేలిక చేసిందన్న విషయం. 208వ సెక్షన్ ప్రకారం ఇలాంటి కేసుల్లో సమన్ల మీదే ఒక వెసులుబాటు రాసి ఉండాలి. నిందితుడు స్వయంగా రానక్కర్లేదు, వకీలు ద్వారా హాజరుకావచ్చు. తప్పు ఒప్పుకోదలిస్తే రిజిస్టర్డు ఉత్తరం ద్వారానే ఒప్పుకుని సొమ్ము పంపవచ్చు. ఓడిపోతే పడే నష్టానికీ హద్దుంది. తేలికపాటి వాహనానికి చట్టం చెప్పిన గరిష్ఠం 2000. ‘కోర్టుకు పోతే పది వేలు వేస్తారట’ అన్న భయానికి 183వ సెక్షన్‌లో ఆధారం లేదు.

రెండో పక్షం: తప్పు లేనప్పుడు ఎందుకు కట్టాలి?

ఈ పక్షం చలానాను ఒక కాగితంగా చూసి దాని చెల్లుబాటును అడుగుతుంది. 167ఎ నియమం వీళ్లకు ప్రధాన ఆయుధం. పరికరానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ఇచ్చిన ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. నిఘా ఉన్న చోటికి ముందే హెచ్చరిక బోర్డు కనబడాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. చలానాతోపాటు తప్పునూ నంబరు ప్లేటునూ చూపే స్పష్టమైన ఫొటో, పరికరం కొలత, తేదీ, సమయం, స్థలం, ఉల్లంఘించిన సెక్షన్, ఎలక్ట్రానిక్ రికార్డుకు సాక్ష్య చట్టం కోరే ధ్రువపత్రం ఉండాలి. ఆ ధ్రువపత్రం లేకుండా ఎలక్ట్రానిక్ ప్రతి సాక్ష్యంగా చెల్లదని 2020లో అర్జున్ పండిట్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పాత చట్టంలో అది 65బి, కొత్త సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్.

వీరి వాదాలన్నిటికీ ఒకే బరువు లేదు. కోర్టులో వినబడేవి, వినబడనివి వేరుచేయాలి.

అన్నిటికన్నా గట్టిది బండి గుర్తింపు. ఫొటోలో ఉన్నది వేరే రంగు బండి, వేరే మోడలు, లేదా ప్లేటులో ఒక అంకె తప్పుగా చదివారు అనుకోండి. బండి ఫొటోలు, రిజిస్ట్రేషన్ కాగితం పక్కపక్కన పెడితే తేలిపోతుంది. నకిలీ ప్లేటు అనుమానం ఉంటే పోలీసు ఫిర్యాదు కాపీ ఇంకా బలం. ఇలాంటివాటికి కోర్టుదాకా కూడా పోనక్కర్లేదు, చలానా ఇచ్చిన విభాగానికే రాతపూర్వకంగా పెట్టుకోవచ్చు.

రెండోది పరిమితి ఎంత అన్నది. చాలామంది జాతీయ రహదారి అంటే కారుకు వంద అనుకుంటారు. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ వందను ఇచ్చింది డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్డుకే. మిగతా రోడ్లపై కారుకు 70, మోటారు సైకిలుకు 60, మూడు చక్రాల బండికి 50. హగరి నుంచి ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం మీదుగా రాయచూరు వైపు పోయే 167వ నంబరు రహదారికి జాతీయ అన్న పేరు ఉన్నంత మాత్రాన వంద హక్కు రాదు, డివైడరు లేని చోట డెబ్బయ్యే. దానికి తోడు 112వ సెక్షన్ కింద స్థానికంగా ఇంకా తగ్గించవచ్చు, 116వ సెక్షన్ ప్రకారం బోర్డు పెట్టి. తగ్గించిన పరిమితి మీద కేసు పడి, అక్కడ బోర్డే లేకపోతే, తేదీ కనిపించే ఫొటోలు తీసి ఉంచుకోవడం పనికొచ్చే సాక్ష్యం.

మూడోది యంత్రం. ఇక్కడ నిజమూ అపోహా కలిసి తిరుగుతున్నాయి. ‘గన్ పక్కనుంచి పట్టుకున్నారు, అందుకే ఎక్కువ చూపింది’ అన్న వాదం తిరగబడుతుంది. నిలబడి ఉన్న పరికరం బండిని వాలుగా చూస్తే చూపే వేగం అసలు వేగంకన్నా తగ్గుతుంది, పెరగదు. ఆ పొరపాటు డ్రైవరుకే మేలు. నిజంగా అడగదగిన ప్రశ్న వేరే ఉంది. ఆ సమయంలో పక్కపక్కన రెండు బండ్లు పోతుంటే కొలిచింది దేన్ని? రాడార్ కిరణం వెడల్పుగా పోతుంది కాబట్టి ఈ అనుమానం దానికి ఎక్కువ వర్తిస్తుంది. లేజర్ గన్ కిరణం సన్నం, ఫొటోలో గురి గుర్తు ఎక్కడుందో చూడవచ్చు. ఏటా జరగాల్సిన పునరుద్ధరణ ఆ తేదీకి అమల్లో ఉందా అని ఆమోద పత్రం అడగడం మాత్రం ఏ కేసులోనైనా న్యాయమైన ప్రశ్నే.

నాలుగోది ‘నేను నడపలేదు’. ఇది సగం దారిలో ఆగిపోయే వాదం. 133వ సెక్షన్ ప్రకారం బండి ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత యజమానిది. పేరు చెప్పకుండా నేను కాదనడం ఇంకో ఇబ్బందిని నెత్తికెత్తుకోవడమే. జీతానికి డ్రైవరును పెట్టుకున్న లారీ, కాలేజీ బస్సు యజమానుల సంగతి ఇంకా వేరు. 183వ సెక్షన్ నడిపినవాడితోపాటు, తన కింద పనిచేసేవాడిచేత అలా నడిపించినవాడినీ పట్టుకుంటుంది. అమ్మేసిన బండి మీద చలానా పడితే, రాష్ట్రంలోనే అమ్మినప్పుడు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపమనే 50వ సెక్షన్‌ను పాటించారా అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బండి చేతులు మార్చే అలవాటు ఉన్న చోట ఈ చిక్కు తరచూ వస్తుంది.

అసలు నిలవని వాదాలూ ఉన్నాయి. రోడ్డు ఖాళీగా ఉంది, అందరూ అలాగే పోతున్నారు, ఆస్పత్రికి తొందరలో ఉన్నాం అనేవి జరిమానా తగ్గించమని వేడుకోవడానికి పనికొస్తాయేమో కానీ, తప్పు జరగలేదని రుజువు చేయవు.

మూడో పక్షం: ఊరికే ఉందాం

ఎక్కువమంది నడిచే దారి ఇదే. ఈ పక్షానికి మూడు ఆశలున్నాయి. మొదటిది రాయితీ. తెలంగాణ 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పాత చలానాలకు 75 శాతం తగ్గించింది. 2023 డిసెంబరు చివర మొదలుపెట్టిన విడతలో ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లలాంటి వాటికి 60 శాతం తగ్గించింది. కర్ణాటక 2023 ఫిబ్రవరిలోనూ, 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనూ సగం తగ్గించింది. హైదరాబాదులో పిల్లలు, బళ్లారిలో వ్యాపారం ఉన్న ఈ ప్రాంతం ఇళ్లలో ఈ వార్తలు రెండు వైపులనుంచీ వస్తాయి. ఆంధ్రలోనూ వస్తుందిలే అన్న ఎదురుచూపు దాన్నుంచి పుట్టిందే.

రెండో ఆశ లోక్ అదాలత్. రాజీకి వీలున్న కేసులు అక్కడ తేలిపోతాయి, సొమ్ము తగ్గే అవకాశమూ ఉంది. కానీ అక్కడ జరిగేది రాజీ. న్యాయ సేవా సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాని నిర్ణయం అంతిమం, దాని మీద అప్పీలు లేదు. బండి నాది కాదనేవాడికి అది వేదిక కాదు, తగ్గించుకుని ముగించాలనుకునేవాడికి వేదిక.

మూడో ఆశ కాలం చెల్లిపోవడం. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలల్లోపు కోర్టు విచారణకు స్వీకరించాలని పాత కోడ్ 468వ సెక్షన్, కొత్త సంహిత 514వ సెక్షన్ చెబుతాయి. పోలీసు సర్వరులో పడి ఉన్న చలానా కోర్టుకు చేరకపోతే ఆ కాలం గడిచిపోవచ్చు. న్యాయప్రయోజనం కోసం ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉంది కాబట్టి ఇది పూచీ కాదు. పైగా కోర్టు కాలం చెల్లినంత మాత్రాన పోర్టల్‌లో ఎర్ర అంకె చెరిగిపోదు. బండి అమ్మేటప్పుడు, రవాణా శాఖలో పని పడినప్పుడు, దారిలో ఆపినప్పుడు ఆ బాకీ మళ్లీ ఎదురవుతుంది. ఉత్తరప్రదేశ్‌లో పాత చలానా కేసులను ఏకంగా చట్టం చేసి రద్దు చేశారు. అలాంటి చట్టం లేని చోట అవి పోగుపడుతూనే ఉంటాయి.

నాలుగో గొంతు: రోడ్డు మీద పోయే ప్రాణాలు

ఈ మూడు పక్షాలూ చలానా అందుకున్నవాడి వైపునుంచి మాట్లాడతాయి. రోడ్డు భద్రత గురించి పనిచేసేవాళ్లు ఎదురు ప్రశ్న వేస్తారు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, ఆ మరణాల్లో 71 శాతం అతివేగం ఖాతాలో పడ్డాయి. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ప్రైవేటు బస్సు కాలిపోయి ఇరవై మంది దాకా చనిపోయినప్పుడు, ఆ బస్సు మీద కట్టని చలానాలు పేరుకున్నాయని పత్రికలు రాశాయి. ప్రమాదానికి ఆ చలానాలు కారణమని కాదు. కట్టకపోయినా బండి తిరుగుతూనే ఉండే పద్ధతిలో చలానాకు హెచ్చరించే శక్తి ఎక్కడుందన్నది వీరి ప్రశ్న.

రెండో పక్షానికీ ఈ పక్షానికీ విరోధం ఉన్నట్టు పైకి కనిపిస్తుంది. నిజానికి ఇద్దరూ ఒకే మాట మీద కలుస్తారు. సరిగ్గా కొలిచిన, సకాలంలో అందిన, అడిగితే జవాబు చెప్పే చలానాకే జనం విలువ ఇస్తారు. ఇద్దరికీ ఉమ్మడి ప్రత్యర్థి మూడో పక్షమే.

బయటి దేశాల అనుభవం

బ్రిటన్‌లో నోటీసు 14 రోజుల్లో అందకపోతే సాధారణంగా కేసు నిలవదు, నడిపిందెవరో యజమాని చెప్పి తీరాలి. ఆ బాధ్యత న్యాయమైనదేనని యూరప్ మానవ హక్కుల కోర్టు 2007లో ఓహలోరన్ కేసులో అంగీకరించింది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు టికెట్టు మీద కోర్టుకు పోవడం మామూలు విషయమే. కారణం జరిమానా కాదు, లైసెన్సు మీద పడే పాయింట్లు, వాటితో పెరిగే ఇన్సూరెన్సు ప్రీమియం. కాలిఫోర్నియాలో రాతపూర్వక వాంగ్మూలంతోనే, కోర్టుకు పోకుండా, విచారణ కోరవచ్చు. అక్కడ పోరాడే ఖర్చు తక్కువ, కట్టేస్తే పడే దెబ్బ ఎక్కువ. ఇక్కడ ఇన్నాళ్లూ అది తలకిందులుగా ఉంది. లైసెన్సు చర్యలు గట్టిగా అమలైతే ఇక్కడి లెక్కా అటే మొగ్గుతుంది.

మన దేశంలో ఢిల్లీ 2019లో ట్రాఫిక్ చలానాలకు వర్చువల్ కోర్టు పెట్టింది. ఆన్‌లైన్‌లో కట్టడం, కాదనడం అనే రెండు దారులూ ఒకే తెరమీద ఉంటాయి. కాదంటే కేసు మామూలు కోర్టుకు పోతుంది. 2025 అక్టోబరులో కేంద్రం విడుదల చేసిన ముసాయిదా నియమాలు ఇంకో మెట్టు ప్రతిపాదించాయి. 45 రోజుల్లో కట్టాలి లేదా రాష్ట్రం నియమించిన అధికారి ముందు సవాలు చేయాలి, అక్కడ ఓడితే జరిమానాలో సగం జమచేసి కోర్టుకు పోవాలి. ఊరికే ఉంటే ఒప్పుకున్నట్టే లెక్క. మూడో పక్షం తలుపు మూయడమే దీని ఉద్దేశమని వేరే చెప్పక్కర్లేదు.

ఎవరికి ఏ దారి: ఒక పోలిక

సొంత కారు, బైకు వాళ్లు: మొదటి చలానా, ఫొటో, అంకె, స్థలం అన్నీ సరిగ్గా ఉంటే కట్టడమే తక్కువ ఖర్చు. అది మొదటి తప్పుగా లెక్కలో ఉంటుందని గుర్తుంచుకోవాలి.

బండి గుర్తింపు తప్పినవాళ్లు, అమ్మేసి సకాలంలో తెలిపినవాళ్లు: మొత్తం ఎంత చిన్నదైనా కట్టకూడదు. ముందు చలానా ఇచ్చిన విభాగానికి రాతపూర్వక అభ్యంతరం, జవాబు లేకపోతే కోర్టు.

ఆటో, లారీ, బస్సు డ్రైవర్లు: రెండో చలానా అయితే, లైసెన్సు పంపుతామని చెబితే, ఆమోద పత్రం, ధ్రువపత్రం అడిగి సవాలు చేయడం ఆలోచించదగ్గది. బండిలో జీపీఎస్ పరికరం ఉంటే ఆ సమయపు రికార్డును చెరిగిపోకముందే తీసిపెట్టుకోవాలి.

యజమానులు: డ్రైవరు పేరు, ఆ రోజు ట్రిప్ షీటు దగ్గర పెట్టుకోకుండా కాదనడం ప్రమాదం.

బయటి జిల్లా, బయటి రాష్ట్రం చలానా: గట్టి ఆధారం ఉంటేనే సవాలు. ప్రయాణం ఖర్చు వాదాన్ని మింగేస్తుంది.

వకీలు ఫీజు భరించలేనివాళ్లు: న్యాయ సేవా సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, ఆదాయ పరిమితిలోపు వారు ఉచిత సాయానికి అర్హులు. 15100కు ఫోన్ చేయవచ్చు, కోర్టుల్లోని న్యాయ సేవా కమిటీని అడగవచ్చు.

ఇంకా తేలనివి

15 రోజుల గడువు దాటిన నోటీసు దానంతటదే చెల్లకుండా పోతుందా, లేక అది అధికారులకు చెప్పిన క్రమశిక్షణ మాత్రమేనా అన్నది సుప్రీంకోర్టు స్థాయిలో తేలాల్సిన ప్రశ్న. పోలీసు సొంత ఫోనుతో తీసిన ఫొటో 167ఎ చెప్పిన పరికరం కిందికి వస్తుందా అన్న వివాదం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది. 2025 కొలతల నియమాల పేరులో ఉన్నది రాడార్, రోడ్డు పక్క తరచుగా కనిపించేది లేజర్ గన్. దానికి అదే స్థాయి తనిఖీ ఎవరు చేస్తారన్నది అడగాల్సిన మాట. అసలు 2018 వేగ పరిమితుల నోటిఫికేషన్‌నే 2021లో మద్రాసు హైకోర్టు కొట్టేయడంతో, ఎంత వేగం ఎక్కువ అన్న మొదటి ప్రశ్న కూడా వివాదానికి అతీతం కాకుండా పోయింది.

వీటన్నిటికన్నా ఆసక్తికరమైన ముడి ఒకటుంది. 208వ సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రకారం సమన్లకు జవాబుగా ఉత్తరంతో తప్పు ఒప్పుకుని సొమ్ము పంపినవాడిని, ఒప్పుకున్నందుకు లైసెన్సుకు అనర్హుణ్ణి చేయకూడదు. 200వ సెక్షన్ కింద పోలీసు దగ్గరే కట్టినవాడికి 2019 సవరణ ఆ రక్షణ ఇవ్వదు. అంటే కోర్టుదాకా ఆగి ఒప్పుకున్నవాడు, ముందే కట్టిన బుద్ధిమంతుడికన్నా మెరుగైన స్థితిలో ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తుంది. పాత రక్షణ, కొత్త సవరణ ఎదురుపడినప్పుడు ఏది నెగ్గుతుందో స్పష్టం చేయాల్సింది చట్టసభ.

బలాబలాలు చూస్తే

అన్ని పక్షాలనూ తూచిన తర్వాత రెండు విషయాలు నిలబడతాయి. జరిమానా మొత్తం చూసి నిర్ణయం తీసుకోవడం తప్పు లెక్క. తప్పు ఎక్కడుంది, లైసెన్సుకు ఏమవుతుంది, కోర్టు ఎంత దూరం అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే చాలామందికి కట్టడమే తేలుతుంది, కొద్దిమందికి పోరాడటం తేలుతుంది. ఊరికే ఉండటం మాత్రం ఎవరికీ తేలదు. అది కాదనడంలా కనిపించినా కోర్టులో కాదన్నట్టు కాదు, గడువు దాటేకొద్దీ కాదనే బలాన్నే తగ్గిస్తుంది. బండి కెమెరా, జీపీఎస్ రికార్డులు చెరిగిపోతాయి, రోడ్డు పక్క బోర్డు మారిపోతుంది, ఆ రోజు ఎవరు నడిపారో యజమానికే గుర్తుండదు.

రెండోది ప్రభుత్వం చేయాల్సింది. పోలీసు పోర్టల్‌కూ మేజిస్ట్రేటు కోర్టుకూ మధ్య ఆదోని స్థాయిలోనే అభ్యంతరం విని, నిర్ణీత రోజుల్లో కారణాలతో జవాబిచ్చే ఒక అధికారి ఉండాలి. ఆమోద పత్రం, ధ్రువపత్రం అడిగించుకోకుండానే చలానాతో కనబడాలి. నియమం ఇప్పటికే అడుగుతున్నది ఇదే. అది జరిగిన నాడు కట్టేవాళ్ల సంఖ్యా పెరుగుతుంది, కాదనేవాళ్ల వాదమూ పదునెక్కుతుంది. ఊరికే ఉండేవాళ్లకు చెప్పుకోవడానికి సాకు మిగలదు.